కనిపించని నూనెకి అంత ఖర్చెందుకు?

ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 నంబరు కోసం లక్షలు పాడుకునే నగరంలో, కారు పొట్టలో పోసే ఆయిలు దగ్గర మూడొందల కోసం గంటసేపు బేరమాడటాన్ని కొందరు పిసినారితనం అంటున్నారు. ఈ అపవాదును తీవ్రంగా ఖండిస్తున్నాను. నంబరు పదిమందికీ కనిపిస్తుంది. ఆయిలు దాని మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్‌కి తప్ప ఇంకెవరికీ కనిపించదు. కనిపించని వస్తువు మీద డబ్బు తగలేయడం మన సంస్కారం కాదు.

ముఖ్యంగా పాత స్పోర్ట్స్ కార్ల యజమానుల గోడు ఎవరైనా వినాలి. 1970ల నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ కారు ఒకటి సంపాదించి, ఎర్ర రంగు కొట్టించి, బంపర్లకి క్రోమ్ పట్టించి, సీట్లకి తోలు వేయించి, ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీద నిలబెట్టేసరికి మనిషి సగమైపోతాడు. సరిగ్గా అప్పుడొచ్చి మెకానిక్ "మంచి ఆయిల్ పోద్దామా సార్?" అంటాడు. "లూజ్ ఆయిల్ ఉందిగా" అంటాడు యజమాని. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడమంటే ఇదేనని గిట్టనివాళ్లు అంటారు, అననీయండి.

ఇక జింకు గొడవ ఒకటి. ఆ కాలపు ఇంజిన్లలో వాల్వులు తెరిపించే క్యామ్‌షాఫ్ట్ నేరుగా ట్యాపెట్ అనే ముక్క మీద రుద్దుకుంటూ తిరుగుతుంది, మధ్యలో రోలర్ ఉండదు. ఆ రాపిడికి అడ్డం పడేది జింకు, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ అనే మందు. ఫాస్ఫరస్ వల్ల కొత్త కార్లలో పొగలోని విషాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని పల్చటి గ్రేడుల్లో దాన్ని 800 పీపీఎం (పది లక్షల పాళ్లలో 800) దాటనివ్వడం లేదు. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి నూనెలకి ఆ కట్టడి లేదు. కాబట్టి 2020లో వచ్చిన ఏపీఐ ఎస్పీ అనే నాణ్యతా ముద్ర చూసి పల్చటి 5డబ్ల్యూ-30 డబ్బా ఎంత పోసి కొన్నా, కన్వర్టరే లేని మీ ముసలి బండికి కావలసిన మందు అందులో తక్కువే.

ఈ సంగతంతా గుర్తు పెట్టుకుని "ఇందులో జింకు ఎంత?" అని షాపువాణ్ని అడిగారనుకోండి, "జింకు దేనికి సార్, కడుపు బాగోలేదా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. తప్పు అతనిది కాదు. కరోనా రోజుల్లో కాలనీలకి కాలనీలు జింకు బిళ్లలు మింగాయి, ఎందుకని ఒక్కరూ అడగలేదు. కారు అడిగితే మాత్రం అందరికీ అనుమానమే.

దీనికి పూర్తిగా విరుద్ధమైన తెగ ఇంకోటి ఉంది. వీళ్లకి షాపులో అన్నిటికన్నా ఖరీదైన డబ్బా కావాలి, గ్రేడ్ ఏదైనా సరే. గ్రేడులో డబ్ల్యూ అంటే వింటర్. 0డబ్ల్యూ అంటే మైనస్ 35 డిగ్రీల చలిలో కూడా ఇంజిన్ స్టార్ట్ అయ్యేలా పరీక్షించిన నూనె. పటాన్‌చెరులో పది డిగ్రీలకి దిగితేనే మనం మంకీ క్యాప్ పెట్టుకుని టీవీ వార్తల్లోకి ఎక్కుతాం. 20డబ్ల్యూ పరీక్ష జరిగేది మైనస్ 15 దగ్గర. శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కితే తప్ప ఆ చలి కూడా మనకి దొరకదు.

1998 దాకా వచ్చిన ఎయిర్ కూల్డ్ పోర్షే 911 ఉన్నవాళ్లకి మాత్రం నా ప్రగాఢ సానుభూతి. దానికి పది లీటర్ల దాకా ఆయిలు పడుతుంది. నీళ్ల రేడియేటర్ లేదు, ఇంజిన్‌ని చల్లబరిచేవి గాలి, ఆయిలు, అంతే. మే నెల మధ్యాహ్నం ఐకియా సిగ్నల్ దగ్గర గాలి పరిస్థితి మీకు తెలిసిందే. అక్కడ ఆయిలు ఒక్కటే డ్యూటీలో ఉంటుంది.

"బండి తిరగలేదు కదా, ఆయిల్ కొత్తగానే ఉంది" అనే వాదన నాకు చాలా ఇష్టం. షెడ్డులో నిలబెట్టి, వారానికోసారి స్టార్ట్ చేసి, వేడెక్కకముందే ఆపేస్తే అందులో తేమ, పెట్రోలు చేరతాయి. అందుకే కిలోమీటర్లు తిరక్కపోయినా ఏడాదికోసారి మార్చాలంటారు. ఏడాదికోసారా! పెళ్లిరోజు కూడా అలాగే వస్తుంది, దానికే డబ్బులు చాలడం లేదు.

సరే, ధైర్యం చేసి మంచి 20డబ్ల్యూ-50 కొన్నారు. సీలు మీ కళ్ల ముందే తీయించండి. పని అయ్యాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో కన్నం పెట్టండి. దేశంలో ఖాళీ అయ్యాక కూడా గిరాకీ తగ్గని వస్తువుల్లో అదొకటి, నకిలీ ఆయిలుతో మళ్లీ నిండి మళ్లీ అమ్ముడుపోగలదు. కన్నం పెడుతుంటే పక్కనున్నవాడి ముఖం మాడిందంటే, వచ్చేసారి ఇంకో షెడ్డు చూసుకోండి.