తల్లి చేతిలో ఏముంది?

2024 డిసెంబర్ 9న హైదరాబాద్ సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహాన్ని ఆవిష్కరించారు. ముఖం ఎలా ఉందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గొడవంతా చేతుల దగ్గరా, కిరీటం దగ్గరా వచ్చింది. పాత తల్లికి తలమీద కిరీటం, చేతిలో బతుకమ్మ ఉండేవి. కొత్త తల్లికి కిరీటం లేదు. ఆకుపచ్చ చీర కట్టిన కొత్త తల్లి చేతిలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న కంకులున్నాయి. బతుకమ్మ ఏదని ప్రతిపక్షం అడిగితే, తల్లి మన ఇంట్లో అమ్మలా ఉండాలి గానీ మహారాణిలా కాదని ప్రభుత్వం అంది. పండగకీ పంటకీ పోటీ పెట్టడమే నాకు విడ్డూరంగా అనిపించింది. బతుకమ్మ ఆడేదీ, నాట్లేసేదీ ఆ ఆడవాళ్లే కదా!

ఈ తగువు కొత్తదేం కాదు. బెంగాల్ విభజన జరిగిన 1905లో అవనీంద్రనాథ్ ఠాగూర్ గీసిన భారతమాతకు నాలుగు చేతులు. వాటిలో పుస్తకం, వరికంకులు, జపమాల, తెల్లబట్ట. అంటే చదువు, తిండి, భక్తి, కట్టుబట్ట. స్వదేశీ ఉద్యమం అడిగిన వాటిని చిత్రకారుడు తల్లి చేతుల్లో పెట్టాడు. ఆయుధం ఒక్కటీ లేదు. తర్వాత వచ్చిన క్యాలెండర్ బొమ్మల్లో జెండా చేరింది, సింహం చేరింది, కొన్నిటిలో త్రిశూలమూ చేరింది.

అమెరికాకు ప్రతీకగా గీసే ముసలాయన అంకుల్ శామ్ చేతిలో ఏమీ ఉండదు. 1917 నాటి సైనిక పోస్టర్‌లో ఆయన చూపుడువేలు సూటిగా మన మీదికే వస్తుంది. తల్లులు ఇస్తామంటుంటే ఈ మామయ్య మాత్రం యుద్ధానికి రమ్మంటాడు. చిత్రకారుడు ఫ్లాగ్ ఆ ముఖానికి తన ముఖాన్నే నమూనాగా వాడుకున్నాడట.

ఫ్రాన్స్ గణతంత్రానికి ప్రతీకైన స్త్రీమూర్తి మారియాన్. అక్కడి టౌన్‌హాళ్లలో కనిపించే ఆమె బొమ్మ ఎక్కువగా ఛాతీ వరకే ఉండే శిల్పం. చేతులే లేవు కాబట్టి అక్కడ చర్చ ముఖం మీదికి మళ్లింది. బ్రిజిట్ బార్డో, కాథరీన్ దెనూవ్ లాంటి సినిమా తారల పోలికలతో శిల్పాలు చేయించుకున్నారు. మన దగ్గర ఏ హీరోయిన్ ముఖమో పెడితే ఎంత రచ్చ అయ్యేదో!

వారణాసి భారత్ మాతా మందిర్‌లో అసలు విగ్రహమే లేదు. 1936లో గాంధీ ప్రారంభించిన ఆ గుడిలో పాలరాతిలో చెక్కిన దేశపటం నేలమీద పరిచి ఉంటుంది, కొండలూ నదులతో సహా. విభజనకు ముందు నాటి పటం కాబట్టి లాహోర్, కరాచీ ఉన్న నేల కూడా అందులోనే ఉంది.