పాపం, కంపెనీకి దాహమేసింది

మన దగ్గర ఎవరు గొంతెత్తినా రైతు గురించో, కూలీ గురించో, నిరుద్యోగి గురించో మాట్లాడతారు. లాభం తగ్గి మనసు కష్టపెట్టుకున్న కంపెనీ గోడు వినే నాథుడే లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

బొలీవియాలో కొచబంబా అనే ఊరుంది. నీళ్లు ప్రైవేటుకిస్తే తప్ప బాగుపడరని ప్రపంచ బ్యాంకు చెవిలో జోరీగలా పోరగా పోరగా, 1999లో అక్కడి ప్రభుత్వం ఊరి నీళ్లను 40 ఏళ్లకు ‘అగ్వాస్ దెల్ తునారి’ అనే కంపెనీ చేతిలో పెట్టింది. వెనకున్నది అమెరికా కంపెనీ బెక్‌టెల్. స్వేచ్ఛా మార్కెట్‌కు పోటీయే ప్రాణం కదా, అందుకే టెండరు ఒక్కళ్లే వేసి, హోరాహోరీగా తమ మీద తామే గెలిచారు. ఏటా కనీసం 15 శాతం లాభం గ్యారంటీ. కొత్త అల్లుడికి కూడా మనం ఇంత రాసివ్వం. జనం సొంతంగా తవ్వుకున్న బావులు కూడా కంపెనీ కిందికే వస్తాయన్నారు. వాన నీళ్లు పట్టుకోవాలన్నా పర్మిషన్ కావాలేమోనని జనానికి టెన్షన్ పట్టుకుంది.

2000 జనవరిలో బిల్లులొచ్చాయి. కొన్ని ఇళ్లకు రెట్టింపు. అక్కడే పౌరులు ఘోరమైన తప్పు చేశారు. బిల్లు చదివారు. చదివి ఊరుకున్నా పోయేది, పక్కింటివాళ్లకి చూపించారు. ఆస్కార్ ఒలివేరా అనే చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుడు ముందు నిలబడ్డాడు. కాలవ నీళ్ల రైతులు, వీధి వ్యాపారులు, విద్యార్థులు ఊరి నడిబొడ్డున కూర్చున్నారు. మార్చిలో సొంతంగా ఓటింగ్ కూడా పెట్టుకుంటే 50 వేల మంది దాకా వచ్చి ఓటేశారు. అయిదేళ్లకోసారి వేలికి సిరా పూయించుకుని ఇంటికెళ్లి పడుకోవాలన్న మర్యాద కూడా తెలియని జనం!

ఏప్రిల్ 8న అధ్యక్షుడు హ్యూగో బాంజెర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. సైన్యం వచ్చింది. 17 ఏళ్ల కుర్రాడు తూటాకు చనిపోయాడు. ఇక్కడ వెటకారం నా వల్ల కాదు.

రెండు రోజులకు ఒప్పందం రద్దయింది. కంపెనీ పెట్టేబేడా సర్దుకుని వెళ్లి, నష్టపోయామంటూ కేసు వేసింది. ఎక్కడ? ప్రపంచ బ్యాంకు కిందే నడిచే మధ్యవర్తిత్వ సంస్థలో. పెళ్లి కుదిర్చిన పేరయ్య దగ్గరికే విడాకుల పంచాయితీ. అడిగింది 2 కోట్ల 50 లక్షల డాలర్లు. విచారణ తలుపులు వేసుకునే జరిగింది గానీ, బయట దేశదేశాల జనం ఊరుకోలేదు. చివరికి 2006 జనవరిలో 2 బొలీవియానోలకు రాజీపడ్డారు. అప్పటి లెక్కలో మన డబ్బులు ఓ 11 రూపాయలు.

జనం గెలిచారు కదా, కుళాయిలన్నీ ధారలు కట్టాయా అంటే, లేదు. నీళ్లు తిరిగి ప్రభుత్వ సంస్థ చేతికొచ్చినా, కొచబంబా దక్షిణపు బస్తీలు ఆ తర్వాత ఏళ్ల తరబడి ట్యాంకర్ల కోసమే ఎదురుచూశాయి. ‘చూశారా, మేం చెప్పలే’ అనడానికి కంపెనీ అభిమానులకు ఇది చాలు. ట్యాంకర్ కోసం బిందె పట్టుకుని నిలబడ్డవాళ్లెవరూ ఆ కంపెనీని మళ్లీ పిలవమన్నట్టు నేనైతే వినలేదు.

మనకి అలాంటి గొడవలేం లేవు. మా వీధి కుళాయి రెండు రోజులకోసారి దగ్గుతుంది. పొద్దున్నే 20 లీటర్ల వాటర్ క్యాన్ గుమ్మంలో దిగుతుంది, డబ్బులిచ్చేస్తాం. రేటు పెరిగితే ఆ కుర్రాడే నోటితో చెబుతాడు. బిల్లు అనేదే లేదు, చదివే ప్రమాదమూ లేదు.