వయసు అడిగే ముందు అన్నం పెట్టాలి

ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో అయ్యారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశ సగటు 6.8. అదే సర్వేలో, రాష్ట్రంలో ఈ వయసువాళ్లలో నూటికి 60 మందికి రక్తహీనత.

పదహారేళ్ల పిల్ల ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. నెల తప్పాక తినే ముద్దలో ఆమె ఎముకలకూ వాటా కావాలి, కడుపులో బిడ్డకూ కావాలి. చాలకపోతే ఇద్దరికీ కోతే. అందుకే తక్కువ బరువు బిడ్డలు, నెలలు నిండని కాన్పులు. పైగా కొత్త కోడలు తినేది అందరి తర్వాతే. ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుందని పెద్దవాళ్లు అన్నం తగ్గించే ఇళ్లూ ఉన్నాయి.

గర్భిణికి అంగన్‌వాడీ నుంచి రోజుకు 600 కేలరీలు, 18–20 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టం రాసింది. సరుకు ఇంటికి ఇస్తే పప్పూ నూనే ఇంటిల్లిపాది కూరలో కలిసిపోతాయి, గుడ్లు మగపిల్లల కంచంలోకి వెళ్తాయి. తెలంగాణ 2015లో మొదలుపెట్టిన ఆరోగ్యలక్ష్మి పద్ధతే మేలు: అంగన్‌వాడీ కేంద్రంలోనే పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. టీచర్ కళ్లముందు తిన్న గుడ్డు ఇంకొకరికి పోదు.

ఐరన్ మాత్ర దగ్గర మరో చిక్కు. రోజుకొకటి, 180 రోజులు, హిమోగ్లోబిన్ 7–10.9 మధ్య ఉంటే రెండు, 7 కన్నా తగ్గితే ఆసుపత్రే. కాల్షియంతో కలిపి మింగినా, వెంటనే టీ తాగినా ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. కాల్షియం భోజనంతో, ఐరన్ దానికి రెండు గంటల ఎడంగా వేసుకోవాలి. వికారమైతే పడుకునే ముందు. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పకపోతే పిల్ల హడలిపోతుంది, మాత్రలు అలమరలోనే ఉండిపోతాయి.

ఇవన్నీ అందాలంటే ముందు పేరు నమోదు కావాలి. ఆధార్‌లో వయసు బయటపడితే కేసవుతుందని ఇంట్లోవాళ్లు ఐదో నెలదాకా దాస్తారు. బిడ్డ వెన్నుపాము రూపుకట్టే తొలి వారాలు, ఫోలిక్ ఆమ్లం తప్పనిసరైన ఆ వారాలు, అప్పటికే దాటిపోతాయి. 2017లో వచ్చిన మాతృవందన నగదు పథకమూ వయసు గీత గీసింది. ప్రతి గర్భిణికీ రూ. 6,000కు తగ్గకుండా ఇవ్వాలన్న ఆహార భద్రత చట్టంలో ఆ గీత లేదు. బాల్యవివాహం చేసినవాళ్లకు శిక్ష పడాల్సిందే. ఆకలి శిక్ష మాత్రం పిల్లకు పడుతోంది. నమోదైన రోజే బరువు, రక్తపరీక్ష చూసి, ఆ మధ్యాహ్నమే కేంద్రంలో విస్తరి వేయాలి. వయసు విచారణ కోసం భోజనం ఒక్క పూట కూడా ఆగకూడదు.