జట్టు ఢిల్లీకి, డప్పులు మనకు

2025 అక్టోబరులో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఊరు మారింది, పేరూ మారింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇక్కడ బంద్ జరగలేదు, ధర్నాలు జరగలేదు, అసెంబ్లీలో ఎవరూ లేచి నిలబడలేదు. ఇదే ఐపీఎల్ జట్టయి ఉంటే టీవీ చానళ్లు వారం రోజులు వేరే వార్త వేసేవి కావు. ఫుట్‌బాల్ కాబట్టి ఆటల పేజీలో ఒక మూలకు సరిపోయింది. అందులో మా పేజీ కూడా ఉందని ఒప్పుకోవాలి.

ఆ వార్త చదివి నిజంగా అన్నం సహించని వాళ్లు కొందరున్నారు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో పసుపు, నలుపు కండువాలు మెడలో వేసుకుని, తొంభై నిమిషాలూ కూర్చోకుండా డప్పు కొట్టిన కుర్రాళ్లు, అమ్మాయిలు. డెక్కన్ లీజియన్ అనే పేరుతో వాళ్లకో సంఘం ఉంది. జట్టు వెళ్లిపోయాక ఆ సంఘం ఏం కావాలి? ఈరోజు మా సంపాదకీయం ఆ ప్రశ్న గురించే. జట్టు ఎందుకు వెళ్లిందన్న లెక్కలు యజమానులవి. ఈ ప్రశ్న మాత్రం ఊరిది.

వాళ్లు చూసిన ఆరేళ్లు మామూలువి కావు. 2019-20లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో తొలి సీజన్, పట్టికలో ఆఖరి స్థానం. తర్వాత కోవిడ్ వచ్చి రెండు సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. ఆ రెండో సీజన్‌లోనే మన జట్టు ఛాంపియన్ అయింది. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఫైనల్. ఒక గోల్ వెనకబడి, 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో సమం చేసి, పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపితే 3-1తో గెలిచింది. అంటే సొంత జట్టు కప్పు కొట్టిన ఏడాది సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఆ తర్వాత జీతాలు అందలేదన్న ఫిర్యాదులు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం, విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లిపోవడం. 2023-24 సీజన్ మొత్తంలో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. అప్పుడూ ఆ స్టాండ్‌లో డప్పు ఆగలేదు.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. ఈ జట్టు మనకు వచ్చిందే పుణె సిటీ క్లబ్ మూతపడితే. దాని స్థానంలోనే 2019లో హైదరాబాద్ లీగ్‌లోకి వచ్చింది. పుణెలోనూ నారింజ చొక్కాల అభిమానులు ఉండేవారు. వాళ్ల గురించి ఆరోజు మనం ఒక్క క్షణం ఆలోచించామా? అదే ఏడాది ఢిల్లీ డైనమోస్‌ను భువనేశ్వర్‌కు తీసుకెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అన్నారు. ఢిల్లీది ఒడిశాకు, పుణెది మనకు, మనది ఢిల్లీకి. అద్దె ఇల్లు మారినట్టు జట్లు మారుతున్నాయి. ఇంటివాళ్లతో మాత్రం ఎవరూ ఒక మాట అనడం లేదు.

అభిమాన సంఘం అనగానే మన తెలుగువాళ్లకు గుర్తొచ్చేది సినిమా. కటౌట్లు, పాలాభిషేకాలు, బెనిఫిట్ షోలు. దాంతోపాటే హీరో పుట్టినరోజున రక్తదానం, అన్నదానం. చిరంజీవి బ్లడ్ బ్యాంక్ 1998 నుంచి నడుస్తోందంటే దాని వెనక అభిమానుల చేతులెన్నో ఉన్నాయి. కాబట్టి సంఘం కట్టడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తేడా ఒక్కటే. సినిమా అభిమానికి ఏడాదిలో నాలుగైదు పండుగలు. ఫుట్‌బాల్ అభిమానికి క్యాలెండరే వేరు. సీజన్‌కు ముందు సభ్యత్వాలు, కండువాల ఆర్డర్లు. పెద్ద మ్యాచ్‌కు ముందు వారం రోజులు ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో గుడ్డ పరిచి టిఫో, అంటే స్టాండ్‌లో ఎత్తి చూపే పెద్ద బ్యానర్, గీయడం. పరాయి ఊరి మ్యాచ్‌కు స్లీపర్ క్లాస్ టికెట్లు, వెయిటింగ్ లిస్ట్ టెన్షన్. సీజన్ అయ్యాక లెక్కలు. మధ్యలో ఖాళీ దొరికితే బస్తీ పిల్లలతో ఆట. జట్టు ఓడినా ఈ పనులు ఆగవు. జట్టే లేకపోతే?

దీనికి జవాబు లండన్ నగరంలో, వింబుల్డన్‌లో ఉంది. టెన్నిస్ వింబుల్డన్ కాదు, ఫుట్‌బాల్ వింబుల్డన్. 1988లో లివర్‌పూల్ అంతటి జట్టును ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచిన క్లబ్ అది. 1991లో సొంత మైదానం ప్లౌ లేన్‌ను వదిలి వేరే క్లబ్ మైదానంలో సర్దుకుంది. 2002 మే 28న ముగ్గురు సభ్యుల కమిషన్ ఇద్దరి మాట మీద ఆ క్లబ్ దాదాపు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు వెళ్లిపోవచ్చని తేల్చింది. అభిమానులు మళ్లీ కొత్త క్లబ్ పెట్టుకోవడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మంచిది కాదని కూడా రాసింది. ఇలాంటి వాక్యం రాయడానికి చేతులెలా వచ్చాయో!

అభిమానులు నెల రోజులు తిరక్కుండానే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టేశారు. జూన్ ఆఖరులో వింబుల్డన్ కామన్ అనే బయలులో ఆటగాళ్ల ఎంపికకు పిలుపునిస్తే రెండు వందల మందికి పైగా వచ్చారు. మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌లో 4-0తో చిత్తుగా ఓడారు. అయినా చూడటానికి నాలుగున్నర వేల మందికి పైగా వెళ్లారు. తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలుపెట్టి తొమ్మిది సీజన్లలో, 2011 నాటికి, ప్రొఫెషనల్ లీగ్‌లోకి ఎక్కారు. క్లబ్‌లో మెజారిటీ వాటా ఇప్పటికీ డాన్స్ ట్రస్ట్ అనే అభిమానుల సంఘానిది. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒక్కటే ఓటు. పాత మైదానానికి కూతవేటు దూరంలో కొత్త స్టేడియం కట్టుకోవడానికి డబ్బు చాలకపోతే, 2020 మొదట్లో అభిమానులే బాండ్లు కొని యాభై లక్షల పౌండ్లకు పైగా పోగుచేశారు. తీరా ఆ ఏడాది నవంబరులో తొలి మ్యాచ్ జరిగే నాటికి కోవిడ్. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసిన జనం టీవీలో చూసుకోవాల్సి వచ్చింది. గోవాలో గెలిచిన కప్పును ఇంట్లో కూర్చుని చూసిన మన వాళ్లకు ఆ బాధ వేరేగా చెప్పనక్కర్లేదు.

ఆ కోవిడ్ కాలంలోనే వాళ్లు మరో పని చేశారు. 2020 మార్చిలో డాన్స్ లోకల్ యాక్షన్ గ్రూప్ అని మొదలైంది. సూపర్ మార్కెట్ల బయట బల్లలు వేసుకుని నిలబడి, కొనుక్కుని వచ్చేవాళ్లను ఒక ప్యాకెట్ మాకూ ఇవ్వండని అడిగేవారు. అలా పోగైన సరుకులను చుట్టుపక్కల కష్టంలో ఉన్న ఇళ్లకు చేర్చేవారు. తర్వాత ఆన్‌లైన్ చదువుల కోసం పిల్లలకు పాత కంప్యూటర్లు బాగుచేసి ఇచ్చారు. ఇల్లు మారే పేదలకు మంచాలు, బల్లలు కూడా చేరవేశారు. ఎవరింట్లో ఎవరు ఏ జట్టు అభిమానో అడగలేదు. దాదాపు ఇరవై ఏళ్లుగా మ్యాచ్ రోజు టికెట్లు చించడం, గేటు కాయడం, పార్కింగ్ చూడటం అన్నీ స్వచ్ఛందంగా చేసుకోవడం అలవాటైన జనం కాబట్టే ఒక్క వారంలో అంతమందిని కూడగట్టగలిగారు. మా ఉద్దేశంలో ఈ కథలో అసలు కీలకం ఇదే. సేవ కోసం పెట్టిన సంఘం కాదది, ఆట కోసం పెట్టుకున్నది. సేవకు పనికొచ్చింది.

ఫిలడెల్ఫియా వాళ్లది ఇంకా విచిత్రం. అక్కడ జట్టు పుట్టకముందే అభిమాన సంఘం పుట్టింది. తమ ఊరికి అమెరికా మేజర్ లీగ్ సాకర్‌లో చోటు కావాలని 2007లో కొందరు కలిసి, బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీద సన్స్ ఆఫ్ బెన్ అని సంఘం పెట్టారు. జట్టు లేకపోయినా న్యూయార్క్ మ్యాచ్‌లకు వెళ్లి గోల చేసేవారు. ఒక్క కప్పూ గెలవని ఆ జట్టును చూసి, మీకెన్ని కప్పులున్నాయో మాకూ అన్నే ఉన్నాయి, మాకు జట్టే లేదు అని పాట కట్టి పాడేవారు. 2008లో లీగ్ ఆ ఊరికి జట్టు ఇచ్చింది, 2010లో ఆట మొదలైంది. స్టేడియాన్ని ఆ ఊరి పక్కనున్న చెస్టర్ అనే పేద పట్టణంలో కట్టారు. సరుకులు కొనుక్కోవడానికి సరైన పెద్ద దుకాణం కూడా ఏళ్ల తరబడి లేని ఊరది. ఆ ఊరివాళ్ల ఆకలి తీర్చడానికి విరాళాలు పోగుచేయడం ఆ సంఘం తన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది.

లివర్‌పూల్‌లో 2015 నుంచి రెండు బద్ధ శత్రు జట్ల అభిమానులు కలిసి, మ్యాచ్‌కు వచ్చేవాళ్ల దగ్గర ఆహార పదార్థాలు పోగుచేస్తున్నారు. ఆకలికి జట్టు రంగు ఉండదన్నది వాళ్ల నినాదం.

దూరం పోవడం ఎందుకు, కలకత్తా ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో జరిగిన గొడవలో పదహారు మంది ప్రేక్షకులు చనిపోయారు. ఆ రోజును అక్కడ ఏటా ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా, రక్తదానంతో జరుపుకుంటారు. 2024 ఆగస్టులో ఆర్‌జీ కర్ ఆసుపత్రి డాక్టర్ హత్యాచారం తర్వాత భద్రత పేరు చెప్పి డర్బీ (ఒకే ఊరి ప్రత్యర్థుల) మ్యాచ్ రద్దు చేస్తే, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ మూడు క్లబ్‌ల అభిమానులు సాల్ట్‌లేక్ స్టేడియం బయట ఒక్కటై న్యాయం కావాలని అరిచారు. మామూలు రోజుల్లో ఒకరి మొహం ఒకరు చూడని వాళ్లు. 2014లో మొదలైన కేరళ బ్లాస్టర్స్ అభిమాన సంఘం మంజప్పడ అయితే, జట్టు నిర్వహణ నచ్చక 2024 చివర్లో టికెట్లు కొనబోమని యాజమాన్యానికే చెప్పింది. అభిమానమంటే చప్పట్లు కొట్టడమే కాదు, చప్పట్లు ఆపడం కూడా తెలియాలి కదా.

ఇదంతా చదివి ఫుట్‌బాల్ అభిమానులంతా దేవుళ్లని అనుకోనక్కర్లేదు. యూరప్ స్టాండ్‌లలో జాతి దూషణలు ఇప్పటికీ వినిపిస్తాయి. 1985లో బ్రస్సెల్స్ హేసెల్ స్టేడియంలో ఒక జట్టు అభిమానులు మరో జట్టు వాళ్ల మీదికి దూసుకెళ్లిన గొడవలో గోడ కూలి 39 మంది ప్రాణాలు పోయాయి. గుంపు చేతిలో పని లేకపోతే ఏమవుతుందో మన థియేటర్ల ముందూ చూశాం. బాధ్యత, లెక్కలు, ఎన్నికలు ఉన్న సంఘం కావాలని మేము అంటున్నది అందుకే.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తగా వచ్చిన ఫ్యాషన్ కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో మన జంటనగరాల కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరామ్ అందులో ఒకరు. ఆ రోజుల్లో ఊరికి ఐఎస్‌ఎల్ లేదు. మైదానాలు, వాటి చుట్టూ జనం ఉండేవారు. ఇప్పుడు ఆ మైదానాల్లో సగం ఎక్కడున్నాయో పాత ఆటగాళ్లు మాత్రమే చూపించగలరు.

జట్టును వెనక్కి తెమ్మని మేము అడగడం లేదు. కొనుక్కున్న వాడు మళ్లీ ఎప్పుడైనా మూట కట్టుకోవచ్చు. 2025లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కోసం బ్రిటన్ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం క్లబ్ సొంత మైదానం వదిలి వెళ్లాలంటే నియంత్రణ సంస్థ అనుమతి కావాలి, అభిమానులతో మాట్లాడాలి. వింబుల్డన్ నేర్పిన పాఠం చట్టంగా మారడానికి ఇరవై మూడేళ్లు పట్టింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అంతకాలం ఆగక్కర్లేదు. క్లబ్ లైసెన్సు నిబంధనల్లో ఆ ఒక్క షరతు ఇప్పుడే చేర్చవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సింది ఇంకా చిన్న పని. బాలయోగి స్టేడియంలోనో మరోచోటో ఆదివారం పూట స్థానిక లీగ్ మ్యాచ్‌లకు నామమాత్రపు అద్దెకు చోటివ్వాలి. తెలంగాణ ఫుట్‌బాల్ సంఘం ఆ మ్యాచ్‌ల పట్టికను సీజన్‌కు ముందే ప్రకటించాలి. ఎక్కడ ఎప్పుడు ఆట ఉందో తెలియకపోతే డప్పు పట్టుకుని ఎవరు మాత్రం ఎటు వెళ్తారు?

ఇక పసుపు, నలుపు కండువాల వాళ్లకు ఒక మాట. ఆ కండువాలు అటక ఎక్కించకండి. రహీం సాబ్ పేరు మీద బస్తీ పిల్లలకు ఏటా ఒక టోర్నమెంట్ పెట్టండి. ఆ రోజు రక్తదాన శిబిరం కూడా పెడితే మా విలేకరి తప్పకుండా వస్తాడు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం నమోదు కావడానికి ఏడుగురు సభ్యులు చాలు. మీ స్టాండ్‌లో ఒక్క వరసలోనే అంతకంటే ఎక్కువ మంది నిలబడేవారు.