కుందేలు కొనేముందు ఏడు రోజులు ఆగాలి

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒక చట్టం ఉంది. రెండు నెలలు నిండని కుందేలు పిల్లల్ని, కోడిపిల్లల్ని, బాతుపిల్లల్ని ఆరింటికి తక్కువగా అమ్మకూడదు. కుందేళ్లకైతే బరువును బట్టి కొంత మినహాయింపు ఉంది. రంగులు అద్ది అమ్మడం అసలే కూడదు. మొదటిసారి చదివినప్పుడు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. జంతువుల మేలు కోరే చట్టమైతే ఇన్నింటికి మించి అమ్మొద్దనాలి గానీ, ఇన్నింటికి తగ్గొద్దంటుందేమిటి? కాస్త ఆలోచిస్తే లెక్క అందుతుంది. ఆరు పిల్లల్ని ఒకేసారి కొనేవాళ్ల దగ్గర సాధారణంగా చోటు ఉంటుంది, మేత ఉంటుంది, పెంచిన అనుభవం ఉంటుంది. ఒక్కదాన్నే కొనేది చాలావరకు ఈస్టర్ పండుగకు పిల్లల చేతిలో పెట్టడానికి. పండుగ వెళ్లిపోయాక ఆ కుందేలు ఏమైందని ఎవరూ అడగరు.

ఆ చట్టం రాసినవాళ్లు అసలు ప్రమాదాన్ని సరిగ్గా పట్టుకున్నారని నా అభిప్రాయం. కుందేలు, ఎలుకను పోలిన చిన్న పెంపుడు జంతువులైన గినీ పిగ్, హ్యామ్‌స్టర్ లాంటి ప్రాణులకు ముప్పు ముచ్చటపడి కొనడంలోనే మొదలవుతుంది. వాటిని కొనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చూశారు, ముద్దొచ్చింది, పది నిమిషాల్లో అట్టపెట్టెలో పెట్టించుకుని ఇంటికి తెచ్చుకున్నారు. అమ్మకాల నిబంధనలు రాసేవాళ్లు బోను పొడవు వెడల్పుల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఆ పది నిమిషాల మీద పెడితే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

ఎందుకంటే ఆ పది నిమిషాల్లో చెప్పాల్సింది చాలా ఉంటుంది. బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. అంటే మూడో తరగతి పిల్లకు కొనిపెట్టిన కుందేలు, ఆ పిల్ల కాలేజీకి వెళ్లే నాటికి కూడా ఇంట్లోనే ఉండొచ్చు. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలంటే రోజంతా ఎండుగడ్డి నమలాలి. క్యారెట్ దానికి అప్పుడప్పుడు పెట్టే తీపి ముక్క మాత్రమే. సగం రోజు మేత ముట్టలేదంటే పేగుల కదలిక ఆగిపోతోందని అనుమానించి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. పైగా అది ఇతర జంతువులకు వేటయ్యే ప్రాణి, నొప్పిని బయటపెట్టదు. చూసేవాళ్లకు అది ముద్దుగా, ఒదిగి కూర్చున్నట్టే ఉంటుంది.

గినీ పిగ్ సంగతి వేరు. మనిషిలాగే దాని ఒళ్లు కూడా విటమిన్ సి తయారుచేసుకోలేదు, మేతలోనే అందాలి. తోడు లేకపోతే కుంగిపోతుంది. దుకాణంలో దాని పక్క బోనులోనే ఉండే సిరియన్ హ్యామ్‌స్టర్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఈడొచ్చిన రెండింటిని ఒకచోట పెడితే ఒకటి చచ్చేదాకా కొట్టుకోవచ్చు. ఒకే అరలో పెట్టి అమ్మే రెండు జంతువుల్లో ఒకదానికి తోడు ప్రాణం, ఇంకొకదానికి తోడే ప్రాణగండం. స్విట్జర్లాండ్ ఈ తేడాను చట్టంలోకే తెచ్చింది. 2008లో అమల్లోకి వచ్చిన జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం గినీ పిగ్ లాంటి గుంపు జీవుల్ని ఒంటరిగా ఉంచడానికి వీల్లేదు. ఒంటరితనం కూడా హింసేనని ఒక ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఇక అందరూ తేలిగ్గా తీసుకునేది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, ఆడా మగా అన్న ప్రశ్న.

మా ఇంట్లోకి రెండు కుందేళ్లు వచ్చినప్పుడు, రెండూ ఆడవేనని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం చూస్తే వాటిలో ఒకటి తన బొచ్చు తనే పీక్కుని మూలన గూడు కడుతోంది. మర్నాటికి ఆరు పిల్లలు, కళ్లు తెరవనివి. ఆయన కావాలని అబద్ధం చెప్పాడని ఇప్పటికీ అనుకోను. పసి కుందేళ్లలో ఆడామగా తేల్చడం కష్టమే. అలా తేల్చలేని వయసులో అమ్మడమే తప్పు. కుందేలు చూలు సుమారు ముప్పై ఒక్క రోజులు. పిల్లలు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే అది మళ్లీ చూలు కట్టగలదు. ఆ టెన్షన్‌లో మేం మగదాన్ని వేరు చేసేసరికి ఆలస్యమైపోయింది, నెల తిరిగేసరికి రెండో ఈత. ఆ పిల్లలన్నిటికీ సరైన ఇళ్లు వెతకడానికి మాకు ఏడాది పట్టింది. వెతికే ఓపిక లేని ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

గినీ పిగ్ విషయంలో ఇది ఇంకా ప్రమాదకరం. ఆడది నాలుగు నుంచి ఆరు వారాలకే చూలు కట్టగలదు. ఆడామగా కలిపి ఉంచిన బోను నుంచి కొంటే, కొన్నది ఒకటో నాలుగో తెలియదు. ఏడెనిమిది నెలలు దాటాక మొదటి కాన్పయితే కటి ఎముకలు సాగక తల్లీ పిల్లలూ చనిపోయే ప్రమాదం ఉంది. ఇన్ని తెలిసీ, లింగం తప్పు చెప్పి అమ్మితే అమ్మినవాళ్లు పిల్లల్ని వెనక్కి తీసుకోవాలి, లేదా ఆపరేషన్ ఖర్చు భరించాలి అనే నిబంధన నాకు తెలిసినంతలో ఏ దేశం నిబంధనల్లోనూ ముందువరుసలో లేదు. వస్తువు పేరు తప్పు చెప్పి అమ్మితే బాధ్యత ఉన్నప్పుడు, ప్రాణి విషయంలో ఎందుకు ఉండకూడదు?

ఇప్పటిదాకా వచ్చిన చట్టాల్లో నాకు బాగా నచ్చింది ఫ్రాన్స్‌ది. 2021 నవంబరు 30 నాటి చట్టాన్ని అనుసరించి, 2022 అక్టోబరు నుంచి అక్కడ కుక్క, పిల్లి, కుందేలు, ముంగిసను పోలిన ఫెరెట్ తెచ్చుకునేవాళ్లు ముందుగా ఒక పత్రం మీద సంతకం చేయాలి. ఆ జంతువుకు ఏం కావాలో, ఎంత ఖర్చవుతుందో అందులో ఉంటుంది. దాని అవసరాలు తీరుస్తానని కొనేవాళ్లు సొంత చేతిరాతతో రాయాలి. ఆ తర్వాత ఏడు రోజులు ఆగితే తప్ప జంతువును చేతికివ్వరు. డబ్బు తీసుకోకుండా ఇచ్చినా ఇదే పద్ధతి. మనసు మారేవాళ్లకు ఏడు రోజులు చాలు. నిజంగా కావాలనుకున్నవాళ్లకు ఏడు రోజులు పెద్ద లెక్క కాదు. అయితే అదే చట్టం 2024 జనవరి నుంచి దుకాణాల్లో కుక్కల్ని, పిల్లుల్ని అమ్మకూడదంటూ కుందేళ్లను మాత్రం వదిలేసింది. గినీ పిగ్‌లకు, హ్యామ్‌స్టర్లకు ఆ పత్రం కూడా లేదు.

ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ చట్టం పలచబడుతుంది. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్‌లో వచ్చిన లూసీస్ లా అనే చట్టం, ఆరు నెలల్లోపు కుక్కపిల్లల్ని, పిల్లికూనల్ని మధ్యవర్తులు అమ్మడానికి వీల్లేదంది. కుందేలు ఊసు అందులో లేదు. 2018 నాటి లైసెన్సు నిబంధనల్లో కుక్కల బ్రీడింగ్‌కు ప్రత్యేక లైసెన్సు ఉంది, కుందేళ్ల బ్రీడింగ్‌కు అలాంటిది లేదు. పదహారేళ్లలోపు పిల్లలకు ఏ జంతువునూ అమ్మకూడదన్న 2006 నాటి చట్టమొక్కటే అక్కడ అన్నిటినీ సమానంగా చూస్తుంది. అమెరికాలో 2002లో జంతు సంక్షేమ చట్టాన్ని సవరించినప్పుడు, పరిశోధనల కోసం పెంచే ఎలుకల్ని, చిట్టెలుకల్ని, పక్షుల్ని ‘జంతువు’ అన్న నిర్వచనం నుంచే తీసేశారు. ప్రాణం ఉన్నదాన్ని జంతువు కాదనడానికి ఒక వాక్యం సరిపోయింది.

అదే దేశంలో చిన్న ప్రాణి కోసం గట్టిగా నిలిచిన నిబంధనా ఒకటుంది. డొప్ప నాలుగు అంగుళాలకు తక్కువున్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. కారణం తాబేలు మీద జాలి కాదు, వాటిని నోట్లో పెట్టుకున్న పిల్లలకు సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకడం. కారణమేదైనా ఆ నిబంధనలో ఉన్న సుగుణం నన్ను ఆకట్టుకుంటుంది. స్కేలు పెట్టి కొలవొచ్చు. ‘తగిన చోటు’, ‘సరైన సంరక్షణ’ లాంటి మాటలు రాస్తే తనిఖీకి వచ్చినవాళ్లు ఎలాగైనా అర్థం చెప్పుకోవచ్చు. అంగుళాలకూ వారాలకూ ఆ వెసులుబాటు ఉండదు.

మరి పూర్తిగా నిషేధిస్తే? కాలిఫోర్నియా 2019 నుంచి దుకాణాల్లో సంరక్షణ కేంద్రాల నుంచి వచ్చిన కుక్కలు, పిల్లులు, కుందేళ్లు మాత్రమే ఉండాలంది. అందులో లొసుగులు బయటపడడంతో 2021 నుంచి అమ్మకమే లేకుండా, దత్తతకు చోటు ఇవ్వడం వరకే పరిమితం చేసింది. న్యూయార్క్ రాష్ట్రం 2024 డిసెంబరులో అదే దారి పట్టింది. పెద్ద ఎత్తున పిల్లల్ని పుట్టించే షెడ్లకు దుకాణమనే తలుపు మూసేయడం మంచిదే, నేను సమర్థిస్తాను. కానీ ఇంటి నుంచి, ఫోన్ నుంచి జరిగే అమ్మకం ఈ నిషేధాలకు దొరకదు. ‘అడాప్షన్ ఫీజు’ అని పేరు మారిస్తే అమ్మకం అమ్మకం కాకుండా పోతుంది. జపాన్ 2013 నుంచి పెంపుడు పాలిచ్చే జంతువుల్ని, పక్షుల్ని, సరీసృపాల్ని అమ్మే వ్యాపారి కొనేవాళ్లకు జంతువును ఎదురుగా చూపించి, ముఖాముఖి వివరించాకే అమ్మాలని పట్టుబట్టింది. ఫోటో చూసి ఆర్డర్ పెట్టే పద్ధతికి ఇంతకన్నా సూటి జవాబు నాకు కనపడలేదు.

భారతదేశంలో 2018 నాటి పెట్ షాప్ నిబంధనలు కుందేలు, గినీ పిగ్, హ్యామ్‌స్టర్‌లను పేరుపేరునా చెప్పాయి. దుకాణాలకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాయి. కాగితం మీద చాలా దేశాల కంటే ఇవే మెరుగు. వెనకున్న 1960 నాటి చట్టం బలమే చాలదు. ఆకలితో, దాహంతో, కిక్కిరిసిన బోనులో అల్లాడుతున్న జంతువును అమ్మకానికి పెడితే మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలని ఆ చట్టంలో రాశారు. అరవై ఏళ్లు గడిచాక కూడా ఆ అంకె కదల్లేదు.

ప్రాణుల్ని తెచ్చి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 1859లో వేట సరదా కోసం విక్టోరియాలోని ఒక ఎస్టేటుకు తెప్పించిన రెండు డజన్ల కుందేళ్లతో మొదలైన సంతతి ఖండమంతా పాకింది. ఇప్పటికీ క్వీన్స్‌లాండ్‌లో కుందేలును పెంచుకోవడం నేరం. పరిశోధనకు, ఇంద్రజాల ప్రదర్శనల లాంటి వాటికి మాత్రమే పర్మిట్ ఇస్తారు.

హాంకాంగ్‌లో 2022 జనవరిలో ఒక పెట్ షాపు హ్యామ్‌స్టర్లలో కోవిడ్ కనపడగానే, సుమారు 2,000 చిన్న జంతువుల్ని చంపాలని నిర్ణయించారు. వాటిలో కుందేళ్లు, ఎలుక జాతికి చెందిన చిన్చిల్లాలు కూడా ఉన్నాయి. వైరస్ బయటపడింది హ్యామ్‌స్టర్లలోనే. ఇటీవల హ్యామ్‌స్టర్ కొన్న ఇళ్లవాళ్లను కూడా తెచ్చి అప్పగించమన్నారు. ఏ జంతువు ఏ గుంపులోంచి వచ్చిందో, ఏ రోజు ఎవరి చేతికి వెళ్లిందో ఒక్కోదానికీ కాగితం ఉండి ఉంటే ఇంత గుండుగుత్తగా తుడిచేయాల్సి వచ్చేదా అని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. అందుకే అమ్మే ప్రతి కుందేలుతో, ప్రతి హ్యామ్‌స్టర్‌తో ఒక కాగితం వెళ్లాలంటాను: పుట్టిన తేదీ, ఆడో మగో, పుట్టించినవాళ్ల పేరు, పరీక్షించిన డాక్టర్ సంతకం. ఆ కాగితం కొనేవాళ్ల చేతికి ముందు అందాలి. జంతువు ఏడు రోజుల తర్వాత అందాలి.