సాలిగ్రామంలో సినిమాను అడగని పాట

చెన్నైలో సాలిగ్రామం అంటేనే సినిమావాళ్ల పేట. ఇటు ప్రసాద్ ల్యాబ్స్, అటు వడపళనిలో ఏవీఎం. ఒకప్పుడు తెలుగు పాట రికార్డు కావాలంటే ఈ చుట్టుపక్కలకే రావాలి. అక్కడే ఓ రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటున్న, నాకు వరసకు మేనకోడలయ్యే అమ్మాయి తన మొదటి ఆల్బమ్‌ను ఇంట్లోనే రికార్డు చేసి విడుదల చేస్తోంది. ఎనిమిది పాటలు. రాసింది, బాణీ కట్టింది, పాడింది, మిక్సింగ్ చేసింది అన్నీ తనే. పేరు రాయడం లేదు, రాస్తే చుట్టరికం కొద్దీ డప్పు కొట్టానంటారు. ఆల్బమ్ సంగతి తెలియగానే బంధువులు, స్నేహితులు అందరూ అడిగింది ఒకే ప్రశ్న: "బాగుందమ్మా, మరి సినిమాల్లో ఛాన్స్ ఎప్పుడు?" నా పేచీ ఆ ప్రశ్నతోనే.

పాటంటే సినిమా పాటేనని మనం ఎప్పుడో ఖాయం చేసేసుకున్నాం. కానీ ఇదే మద్రాసులో తెలుగు పాట సినిమా గడప తొక్కకుండా దర్జాగా బతికింది. 1938లో ఇక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఆ రోజుల్లో సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన ప్రైవేటు గ్రామఫోన్ రికార్డులను జనం కొనుక్కుని మరీ విన్నారు. వాటికి హీరో లేడు, సన్నివేశం లేదు, పోస్టర్ లేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' ఇంటింటికీ చేరింది కూడా ప్రైవేటు రికార్డుగానే. రాష్ట్ర గీతమైంది ఆ తర్వాత. ఇంకా వెనక్కి వెళ్తే నండూరి సుబ్బారావు ఉన్నారు. ఎంకి పాటలు ఏ పొలంగట్టు మీదో పుట్టలేదు, మద్రాసులో చదువుకుంటున్న ఓ కుర్రాడి కలం నుంచి వచ్చాయి. పట్నంలో కూర్చుని పల్లె పలుకుతో సొంత పాట కట్టుకోవడమేగా ఇప్పుడు ఫోక్ పాప్ అంటున్నది? ఆ పని మనవాళ్లు వందేళ్ల కిందటే మొదలుపెట్టారు.

ఈ ఆల్బమ్‌లో నాలుగో పాట వాళ్ల నాయనమ్మ మీద. నాయుడుపేట నుంచి కొరుక్కుపేటకు కాపురానికొచ్చి, గూడూరు వైపు పోయే రైళ్ల కూతలు విని టైము చెప్పే మనిషి ఆవిడ. ఒక గిటారు, చిడతలు, చివర్లో ఇత్తడి పళ్లెం మీద గరిటె మోత. అంతే వాద్యం. గది గోడలు శబ్దాన్ని తిరగ్గొట్టకుండా బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే చీరల ఎదురుగా మైకు పెట్టుకుని పాడింది. మే నెలలో ఫ్యాన్ ఆపి, అర్ధరాత్రి దాటాక, తెల్లారి అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు వేసేలోపు. రెండో చరణానికి ముందు ఆమె గట్టిగా ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. పెద్ద స్టూడియోలో అయితే ఆ ఊపిరిని కత్తిరించేవాళ్లు, అక్కడక్కడా జారిన స్వరాన్ని సాఫ్ట్‌వేర్‌తో దిద్దేవాళ్లు, నాయుడుపేట యాసను 'క్లీన్' చేయమనేవాళ్లు. అప్పుడు నాయనమ్మ పాటలోంచి నాయనమ్మే వెళ్లిపోయేది.

సరే, అవతలివాళ్ల మాటా విందాం. మైకు, ల్యాప్‌టాప్ ఉన్న ప్రతివాళ్లూ పాటలు వదులుతున్నారు, వినేదెవరు అంటారు. నిజమే. స్పాటిఫైలో ఒక పాటను ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు, 2024 నుంచి అదే రూలు. సినిమా పాటైతే ఒక్క రాత్రిలో లక్షల చెవుల్లో పడుతుంది. ఇంటి రికార్డింగ్‌లో కింది స్వరాలు పలచగా ఉన్నాయని ఓ సౌండ్ ఇంజినీర్ మిత్రుడు పెదవి విరిచాడు. ఆరో పాట విషయంలో అతనితో నేనూ ఏకీభవిస్తాను, అందులో డప్పు డప్పులా లేదు. అయినా ఇవన్నీ పాట ఎంతమందికి చేరుతుంది, ఎంత నున్నగా ఉంటుంది అన్న లెక్కలు. పాట ఎవరిది అన్న లెక్క వీటిలో లేదు.

అసలు విషయం అదే. సినిమా కోసం నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న పాట మీద తొలి హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. థియేటర్లో సినిమాతో పాటు ఆడినప్పుడు తప్ప, మిగతా చోట్ల వచ్చే రాయల్టీలో కవికి, సంగీత దర్శకుడికి సమాన వాటా ఉండాల్సిందేనని, దాన్ని కంపెనీలకు రాసిచ్చినా చెల్లదని చట్టం సవరించడానికి 2012 దాకా పట్టింది. 35 ఏళ్లు! ఈలోపు ఎన్ని వేల పాటలు ఎవరెవరి ఖాతాల్లోకి పోయాయో. ఇక గాయకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలుగారికి, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దంటూ ఇళయరాజా తరఫు లాయరు నోటీసు పంపారు. చట్టం ఎవరి పక్షాన ఉందన్నది వేరే చర్చ, స్వరకర్తకూ ఆయన న్యాయం ఆయనకుంది. నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. తాను పాడిన పాటను వేదిక మీద పాడుకోవడానికి బాలు అంతటివాడికే ఇంకొకరి అనుమతి కావాల్సి వచ్చింది.

మా అమ్మాయికి ఆ టెన్షన్ లేదు. సాహిత్యం, బాణీ బతికినంతకాలం ఆమెవి, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆమె వారసులవి. రికార్డింగ్ హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు. రేపు ఎవరైనా ప్రకటనకు వాడుకుంటామంటే ఫోను ఆమెకే రావాలి. పైగా ఊరి పాట ఒకటి తెచ్చి, డీజే బీటు తగిలించి, తన పేరు వేసుకోలేదు. నాట్ల పాట నడకను, నలుగు పాట వరసను తీసుకుంది గానీ మాటలు, బాణీ తనవే. జానపదం మీద ప్రేమ ఉన్నవాళ్లు చేయాల్సిన పని ఇది.

స్వతంత్రం అన్నంత మాత్రాన అన్నీ చక్కబడవని కూడా చెన్నైకి తెలుసు. 2021లో తమిళ పాట 'ఎంజాయ్ ఎంజామి' దేశం దాటి మోగింది. మూడేళ్లకు సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ బయటికొచ్చి, ఆ పాట మీద తనకు గానీ, పాడిన ధీకి గానీ, రాసి పాడిన అరివుకు గానీ ఒక్క రూపాయి రాలేదన్నారు. అది సినిమా పాట కూడా కాదు. అందుకే నేను ఈ అమ్మాయికి ఇచ్చిన సలహా ఒక్కటే, కాగితం చదవకుండా సంతకం పెట్టకు. "సినిమా ఛాన్స్ వస్తే పోనా మామయ్యా, పోతా. కానీ ఇది దానికోసం చేసింది కాదు" అంది. కాగితం గురించి మాత్రం ఏమీ అనలేదు.

ఇప్పుడు మన తెలుగు సంఘాల దగ్గరికి వస్తాను. చెన్నైలో వాటికి కొదవ లేదు. ఉగాదికి ఓ హాలు, పంచాంగ శ్రవణం, శాలువాలు, ఆపైన ట్రాకు మీద పాత సినిమా పాటలు. ఘంటసాల పాటలు వినొద్దని ఎవరంటారు? నేనూ వెళ్తాను, ముందు వరసలో కూర్చుంటాను. కానీ ఈ ఊళ్లో పుట్టి పెరిగి, బడిలో తెలుగు చదివే వీలు లేకపోయినా తెలుగులో సొంతంగా పాట రాస్తున్న పిల్లలకు ఆ వేదిక మీద చోటు లేదు. వాళ్లను పిలిచినా "ఏదైనా హిట్ సాంగ్ పాడమ్మా" అంటారు. మద్రాసులో తెలుగు తగ్గిపోతోందని ఏటా అదే వేదిక మీద కన్నీళ్లు పెట్టుకునేదీ వీళ్లే.

వచ్చే ఉగాదికి 40 నిమిషాలు ఇవ్వండి. సొంత పాటలే పాడాలి, సినిమా పాట ఒక్కటీ వద్దని షరతు పెట్టండి, పారితోషికం ముందే ఇవ్వండి. సమయం లేదంటారా? సన్మాన పత్రాలు చదవడం మానేస్తే అంతకన్నా ఎక్కువే మిగులుతుంది.