డర్ట్ బైకుకు గృహస్థాశ్రమ స్వీకార విధానం

మన సీమలో డర్ట్ బైకు పుట్టదు, అవుతుంది. 1985 చివర్లో మొదలై 1996లో ఆగిపోయేదాకా కంపెనీ గేటు దాటిన యమహా ఆర్‌ఎక్స్ 100లన్నీ పుట్టుకతో సంసారపక్షం బండ్లే. అద్దం, ఇండికేటర్లు, చైన్ కవరు, ఎడమ పక్క తళతళలాడే శారీ గార్డు, అన్నిటికీ మించి ఒక ఆర్‌సీ బుక్కు. తర్వాత ఎవరో కుర్రాడి చేతిలో పడి దానికి వైరాగ్యం కలిగింది. మొదట శారీ గార్డును త్యజించింది. ఆపైన ఇండికేటర్లు, మడ్‌గార్డులు, బ్యాటరీ, హారను. ఆఖరికి సైలెన్సరులో చప్పుడు తగ్గించే బ్యాఫిల్ కూడా పీకించుకుని, గడ్డలు గడ్డలుగా ఉండే బటన్ టైర్లు తొడుక్కుని, తాడిపత్రి పక్కన నాపరాతి గనుల దుమ్ములో సర్వసంగ పరిత్యాగియై తిరిగింది.

ఇప్పుడా కుర్రాడికి నలభై దాటాయి. పిల్లను స్కూల్లో దింపాలి, ఇంటావిడను పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళాలి, బండిని అమ్మడానికి మాత్రం మనసు రాదు. కనుక సన్యాసిని మళ్ళీ సంసారంలోకి దించాలి. ఆశ్రమ ధర్మాల్లో ఈ దిశగా ప్రయాణానికి విధి లేదు. మోటారు వాహనాల చట్టంలో ఉంది.

అమెరికాలో డర్ట్ బైకు డర్ట్ బైకుగానే పుడుతుంది. దానికి లైట్లు ఏనాడూ లేవు కాబట్టి అక్కడివాళ్ళు కొత్తగా కొని తగిలిస్తారు. మనం ఒకప్పుడు మనవైనవాటినే మళ్ళీ కొంటాం. గుజిరీ అంగట్లో కిలోల లెక్కన తూకం వేసి వదిలించుకున్న సామానే ఈరోజు ‘ఒరిజినల్, పాత స్టాకు’ అని పేరు పెట్టుకుని గాజు అల్మారాలోంచి దిగుతుంది. బేరం చేయకండి. అంగడాయనకు మీ కథ మొత్తం తెలుసు.

స్పానరు పట్టే ముందు ఆర్‌సీ వెతకండి. ఏపీ 02, ఏపీ 04, ఏపీ 21, నంబరు ఏ ఊరిదైనా సరే, బుక్కులోని చాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ బండి మీద ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవలేదంటే సాధారణంగా 98 సీసీ ఇంజిన్ లేచిపోయి, దాని చోట ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ కాపురం పెట్టి ఉంటుంది. ఇంజిన్ మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ముందే తీసుకోవాలి, మార్చి పదేళ్ళు తిరిగాక కాదు. ఇక ఆర్‌సీయే లేని బండి, రేసుల కోసం దిగుమతైన మోటోక్రాస్ బండి అయితే ఆశ ఇక్కడే వదులుకోండి. రోడ్డు కోసం ఆమోదం పొందని మోడలుకు తోరణంలా ఇండికేటర్లు కట్టినా నంబరు రాదు.

ఆర్‌సీ ఆయుష్షు 15 ఏళ్ళు. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి ఫారం 25 పెట్టుకుని రెన్యువల్ చేయించాలి. ద్విచక్ర వాహనానికి ఈ ఫీజు 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000 అయింది. 20 ఏళ్ళు దాటిన బండికి 2025లో 2,000 చేశారు. అంతవరకు ఎవరైనా భరిస్తారు. ఆలస్యానికి నెలకు 300 చొప్పున అదనపు ఫీజు అని ఇంకో గీత ఉంది చూశారూ, పదేళ్ళు పడకేసిన ఆర్‌సీకి ఆ గీత ప్రకారం 36,000 అవుతుంది. ఎన్నేళ్ళ తపస్సుకు అంత ఫలం. గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు ఇందులో కలపలేదు.

‘మాది వింటేజ్ బండి’ అని తప్పించుకోవాలనుకునే పెద్దమనుషులకు 2021లో వచ్చిన నిబంధనలు చదివి వినిపించాలి. వింటేజ్ అనిపించుకోవాలంటే తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. 1985 బండికి ఆ గౌరవం 2035లో. అదీ అసలు రూపం చెడకుండా ఉంటేనే, అంటే శారీ గార్డుతో సహా. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, నంబరులో వీఏ అక్షరాలు, పదేళ్ళ గడువు. ఇంతా చేశాక రోజూ నడపకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, రిపేరుకో మాత్రమే బయటికి తీయాలి. పిల్లను స్కూల్లో దింపడాన్ని ర్యాలీగా నిరూపించగలిగితే మీ అదృష్టం.

కంపెనీ పెట్టిన లెక్క తప్పిన మార్పు ఏదైనా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద దోషమే, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. శిక్ష 182ఏ సెక్షన్‌లో ఉంది: ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్నచోట ఆగి ఊపిరి పీల్చుకోండి. వెనక ఒంటి షాకబ్జారు, అంటే మోనోషాక్, ఒకటి, ముందు పొడుగు ఫోర్కు రెండు, 21 అంగుళాల చక్రం మూడు, రేసు సైలెన్సరు, అంటే ఎక్స్‌పాన్షన్ చాంబరు, నాలుగు. బండి ఆర్‌టీవో ఆఫీసు గేటు చేరేసరికి ఇరవై వేలు.

ఆ 21 అంగుళాల చక్రం ఇంకో ఉపకారం కూడా చేస్తుంది. ఆర్‌ఎక్స్ స్పీడోమీటరు కేబుల్ ముందు చక్రం నుంచే వస్తుంది. 2.50-18 టైరు ఎత్తు సుమారు 584 మిల్లీమీటర్లు, 2.75-21ది 673. అంటే మీటరులో 60 కనబడుతున్నప్పుడు మీరు నిజంగా 69లో పోతున్నారు. హైవే మీద స్పీడ్ గన్ పట్టుకున్నాయనకు ఈ లెక్క విప్పి చెప్పడానికి ప్రయత్నించకండి. 18 అంగుళాల చక్రం, మామూలు రోడ్డు టైరు వేయండి. బటన్ టైరు తారు మీద ఆనేది గడ్డల కొసల మీదే కాబట్టి వాన పడ్డ రోడ్డు మీద బ్రేకు వేస్తే పట్టు ఉండదు.

ఫ్రేముకు పౌడర్ కోటింగు వేయించే ముందు చాసిస్ నంబరు మీద వేడికి ఆగే టేపు అంటించండి. మరిస్తే పొడి కరిగి అంకెల గాడుల్లో పూడుకుపోతుంది. తనిఖీలో నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే తెల్ల కాగితం తెల్లగానే ఉంటుంది. అప్పుడు బండి అందంగా ఉందన్న వాదన నిలవదు.

అసలు శ్రమ వైరింగులో ఉంది. సన్యాసి బండికి ప్లగ్గుకు ఒక తీగ, ఇంజిన్ ఆపే కిల్ స్విచ్చికి ఒక తీగ, అంతే ఆస్తి. సంసారంలోకి వచ్చాక హెడ్‌లైటు 35 వాట్లు, టెయిల్ లైటు 5, మీటరు బల్బు 3, కలిపి 43. బ్రేకు తొక్కితే ఇంకో 21. ఇండికేటరు వేస్తే పక్కకు రెండు పది వాట్ల బల్బులు, అదొక 20. మొత్తం 84. ఇంజిన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే ముప్పై ఏళ్ళ నాటి మ్యాగ్నెటో అయస్కాంతం ఐడిలింగులో ఇంత ఇవ్వలేదు, అందుకే సర్కిల్‌లో ఆగిన ప్రతిసారీ హెడ్‌లైటు ఎర్రబారుతుంది. దానికి 60/55 వాట్ల హాలోజన్ బల్బు మందని చెప్పేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. పెట్టి చూస్తే ఇంకా మసకబారుతుంది, ఎందుకంటే పెరిగింది ఖర్చే గానీ రాబడి కాదు. హెడ్‌లైటును మ్యాగ్నెటో కాయిల్ మీదే ఉంచి, హారను, బ్రేకు లైటు, ఇండికేటర్లను రెగ్యులేటర్ రెక్టిఫయరు ద్వారా 12 వోల్టుల 2.5 ఏహెచ్ బ్యాటరీ మీదికి మార్చండి. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. పాత 6 వోల్టుల యెజ్డీ వాళ్ళకు కష్టం రెట్టింపు: అదే 35 వాట్లకు 12 వోల్టుల్లో మూడు ఆంపియర్లు చాలు, 6లో దాదాపు ఆరు కావాలి, తుప్పు పట్టిన ప్రతి కనెక్షను దగ్గరా కొంత శక్తి వేడిగా మారిపోతుంది.

ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేస్తే ఆదా నిజమే. కానీ ఇండికేటర్లను కొట్టించే పాత ఫ్లాషరు, బల్బు తీసుకునే కరెంటుతోనే పనిచేస్తుంది. ఎల్‌ఈడీ అంత లాగదు కాబట్టి వెలిగి అలాగే ఉండిపోతుంది, లేదా వణుకుతుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేయండి. నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవడం మర్యాద.

పౌడర్ కోటింగు బండ్లకే వచ్చే ఇంకో రోగం: బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మసకగా వెలుగుతాయి, ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కూడా దానితో పాటు కొట్టుకుంటుంది. దెయ్యం కాదు. ఆ కోటింగు కరెంటును పోనివ్వదు, వెనక లైటుకు ఎర్త్ దొరక్క కరెంటు పక్క బల్బుల్లోంచి దారి వెతుక్కుంటోంది. బోల్టు కింద రంగు గీకితే రెండు వానల దాకా ఆగుతుంది. సీమలో రెండు వానలంటే చాలా కాలమే అనుకోండి. అయినా ప్రతి లైటు నుంచీ ఒక నల్ల తీగ విడిగా బ్యాటరీ మైనస్ దాకా లాగడమే పద్ధతి. హెడ్‌స్టాక్ (ఫ్రేములో హ్యాండిలు తిరిగే మెడ) దగ్గర హ్యాండిలును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూసి తీగలకు వదులు ఇవ్వండి. బిగుతుగా ఉంటే రాగి లోపలే తెగుతుంది, పైన తొడుగు చక్కగా కనబడుతుంది, ఎడమకు తిప్పినప్పుడు మాత్రమే లైటు పోయే ఆ సమస్యను వెతకడానికి ఒక ఆదివారం పోతుంది. అద్దాల సంగతి ఒక్క ముక్క: యమహాలో చాలా మోడళ్ళకు కుడి అద్దం మర తలకిందులు. బలవంతంగా బిగిస్తే క్లాంపు మారాలి.

సైలెన్సరు దగ్గర యజమానికి గుండె కోత మొదలవుతుంది. టూ స్ట్రోకులో సైలెన్సరు కూడా ఇంజిన్ పనిలో భాగస్వామి. లోపలి నుంచి తిరిగొచ్చే అల, కాలకుండా బయటికి జారిపోతున్న మిక్స్చరును మళ్ళీ సిలిండరులోకి నెడుతుంది. బ్యాఫిల్ పీకితే చప్పుడు పెరుగుతుంది, కింది రౌండ్లలో లాగుడు తగ్గుతుంది. చప్పుడును బట్టి వేగాన్ని కొలిచే విద్యలో మన జిల్లాలు ఎవరికీ తీసిపోవు. పాత బ్యాఫిల్ దొరికితే కాస్టిక్ సోడా నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి తీగ బ్రష్షుతో మసి తీయండి (అల్యూమినియం సామాను ఆ నీళ్ళలో వేస్తే పొద్దునకు సగం ఉంటుంది). ఎక్స్‌పాన్షన్ చాంబరు కోసం పెంచిన మెయిన్ జెట్‌ను (కార్బురేటరులో పెట్రోలు వదిలే రంధ్రం) అలాగే ఉంచి కంపెనీ సైలెన్సరు బిగిస్తే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లగా జిడ్డు పడుతుంది, నాలుగో వీధిలో బండి ఆగుతుంది. జెట్‌ను కంపెనీ నంబరుకు దించండి. ప్లగ్గు కొస కాఫీ రంగుకు రావాలి.

రేసుల కాలంలో ఇంజిన్‌కు ఆయిలు అందించే పంపు తీసేసి మూత బిగించి ఉంటారు. ఆ సంగతి మరిచి బంకులో ఉత్త పెట్రోలు పోయించుకుని అనంతపురంలో బయలుదేరితే గుత్తి చేరకముందే పిస్టన్ పట్టేస్తుంది. లీటరు పెట్రోలుకు 30 మిల్లీలీటర్ల 2టీ (టూ స్ట్రోకు) ఆయిలు కలపాలి, ఐదు లీటర్లకు 150. పంపు మళ్ళీ పెట్టించినా గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా మొదటి ట్యాంకు కలిపిన పెట్రోలుతోనే నడపండి. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమను పీలుస్తుంది, ముప్పై ఏళ్ళ రబ్బరును ఉబ్బిస్తుంది. కాబట్టి పెట్రోలు పైపు, కాక్ వాషర్లు, కార్బురేటరు సీళ్ళు కొత్తవి వేయండి.

పొల్యూషన్ పరీక్షలో చట్టం ముసలి బండ్ల మీద చూపిన జాలి చూస్తే కళ్ళు చెమరుస్తాయి. 2000 మార్చి 31కి ముందు తయారైన బండికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాకా చెల్లుతాయి. అంత జాలినీ ఓడించి పొగ కక్కే బండ్లున్నాయి. చల్లటి ఇంజిన్, కొలత లేకుండా చేతికొచ్చినంత పోసిన ఆయిలు, గనుల దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, సాధారణంగా కారణాలు ఈ మూడే. ఫిల్టరు కడిగి, పావుగంట నడిపి, వేడి మీద పరీక్షకు పెట్టండి.

ఇక శారీ గార్డు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది స్పష్టంగా ఉంది: వెనక కూర్చున్నవారికి పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ. గుట్టలెక్కిన బండికి ఇదేం ఖర్మ అని వాపోయేవారు ఆర్‌టీవో ఆఫీసు ఆవరణలో ఒకసారి నిలబడండి.

‘‘ఏం నాయనా, శారీ గార్డు యాడ?’’ అంటాడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు.

‘‘వెనక ఎవరూ కూర్చోరు సార్.’’

‘‘మరి అంత పొడుగు సీటు ఎవరికప్పా?’’

దీనికి జవాబు ఇంతవరకు ఏ మెకానిక్కూ కనిపెట్టలేదు. గార్డు బిగించేటప్పుడు ఒక కొస ఫ్రేముకు, ఇంకో కొస వెనక చక్రంతో పాటు కదిలే స్వింగ్ ఆర్మ్‌కు తగిలించకండి. చక్రం ఎగిరిన ప్రతిసారీ మెలి తిరిగి వెల్డింగు దగ్గర విరుగుతుంది. రెండు కొసలూ కదలని ఫ్రేముకే ఉండాలి. ఇద్దరు కూర్చుని, షాకబ్జార్లు కిందికి అణిగినప్పుడు టైరుకూ గార్డుకూ మధ్య రెండు వేళ్ళ సందు మిగలాలి.

హై సెక్యూరిటీ నంబరు ప్లేటు అన్నిటికన్నా ఆఖరున. ముందుది 285 బై 45, వెనకది 200 బై 100 మిల్లీమీటర్లు. దాని స్నాప్ లాకు ఒకసారి పడితే విరగ్గొట్టందే రాదు. కాబట్టి రంగులు, బ్రాకెట్లు, మడ్‌గార్డు అన్నీ తేలాకే ప్లేటు ఎక్కించండి.

తనిఖీ రోజుకు మాత్రం పక్కవీధి ఆర్‌ఎక్స్ నుంచి గార్డు అరువు తెచ్చుకునే ఆచారం పాటించేవారు బోల్టుల సైజు ఇంటి దగ్గరే సరిచూసుకోండి. ఆర్‌టీవో ఆఫీసు ముందు జిరాక్సు, ఫారాలు, కొబ్బరి బొండాలు అన్నీ దొరుకుతాయి గానీ పన్నెండో నంబరు స్పానరు దొరకదు.